గోలు వెనక గొంతు

ముందు ఆయన గొంతు గురించి చెప్పాలి. మనిషి బక్కపలచన. చొక్కా వేసుకుంటే కొక్కేనికి తగిలించినట్టు ఉండేది. ఆ ఛాతీలోంచి అంత గొంతు ఎలా వచ్చేదో ఎవరికీ తెలిసేది కాదు. కలకత్తా రేవు పక్క వాట్‌గంజ్‌లో మేమున్న పాత మేడ మీది నుంచి ఆయన కింద టీ కొట్టువాణ్ణి కేకేస్తే, రేవులో స్టీమరు కూసిందనుకుని మా అమ్మ కిటికీ దగ్గరకు వెళ్ళిన రోజులున్నాయి.

మొన్న ఆయన్ని సమాధి చేసి వచ్చాం. మా బాబు నిద్రపోయాడు, నాకు నిద్ర రావడం లేదు, అందుకని రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఫుట్‌బాల్ ఆడే కలకత్తా మైదానంలో ఎవరికీ ఆయన పేరు తెలియదు కూడా. అక్కడ అందరికీ ఆయన 'ఓగో కాకా'. నాకు బాబాయ్. మా నాన్నకి రేవులో స్నేహితుడు, అంతే చుట్టరికం.

ఆ పేరు అర్థం కావాలంటే మా క్లబ్బు గురించి కొంచెం తెలియాలి. కలకత్తా ఫుట్‌బాల్ అంటే ఊరంతా తలుచుకునే పెద్ద క్లబ్బుల్లో మాది ఒకటి కాదు. లీగులో అట్టడుగు డివిజన్. ఇంకో క్లబ్బుతో సగం సగం పంచుకున్న గుడారం. చుట్టూ తాడు కట్టిన గ్రౌండు, ఆట మధ్యలో గొర్రెలు అడ్డం వస్తే రిఫరీయే తోలుకోవాలి. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికీ రైల్వే పనికీ వచ్చిన మా తాతల తరం వాళ్ళు, షాలిమార్ రైల్వే యార్డులో గూడ్స్ బండ్ల పక్క ఖాళీ జాగాలో ఉత్తి కాళ్ళతో ఆడి ఆడి పెట్టుకున్న క్లబ్బు. మైదానం వాళ్ళు దాన్ని 'మాద్రాజీ టీమ్' అనేవారు. ఆ రోజుల్లో పదకొండు మందీ తెలుగువాళ్ళేనని, ఆటలో కేకలన్నీ తెలుగులోనేనని నాన్న చెప్పేవాడు. ఎనకున్నాడ్రా, ఎడం పక్కకియ్యి, ఒగ్గో. అవతలి వాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ ఒక్క ఉపాయంతో ఒకసారి పై డివిజన్ దాకా వెళ్ళొచ్చామట.

ఒగ్గడం అంటే మా వైపు వదిలెయ్యడం. బంతి దానంతటది గీత దాటిపోయేలా ఉన్నా, దాని సంగతి చూసుకోవడానికి మనవాడు ఇంకొకడు ఉన్నా, గోలు కాసే గోలీకి 'ఒగ్గో' అని అరుస్తారు. ముట్టుకోకు, ఉన్నచోట ఉండు అని. బాబాయ్ ఎప్పుడూ మన గోలు వెనకే నిలబడేవాడు. విరామం అయ్యాక జట్లు చోట్లు మారితే ఆయనా గ్రౌండంతా చుట్టి అవతలి గోలు వెనక్కి నడిచేవాడు. అక్కడి నుంచి, "ఒగ్గోఓఓ!"

బెంగాలీ ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు పేరు పెట్టకుండా పిలుచుకునే పిలుపు 'ఓగో'. ఇక మైదానం ఊరుకుంటుందా?

"ఓగో కాకా! కాకీ శున్‌ఛే నా!" అని తాడు పక్క నుంచి ఎవడో ఆడగొంతు పెట్టేవాడు. బాబాయ్, పిన్నికి వినపడటం లేదు అని. నాన్న భుజాల మీద కూర్చున్న నేను, కాకి ఎక్కడ వాలిందా అని ఆకాశంలో వెతికేదాన్ని.

బాబాయ్ వెనక్కి తిరిగేవాడే కాదు. "మీ కాకి గూట్లో గుడ్లు పెట్టుకోక నా ఎనకాల ఎందుకు పడ్డాదిరా?" అనేవాడు తెలుగులో. వాళ్ళకి అర్థమయ్యేది కాదు, మా వాళ్ళు మాత్రం పడీపడీ నవ్వేవారు. చాలా ఆటల్లో మాకు దక్కిన గెలుపు అదొక్కటే.

బాబాయ్ భార్య, మా పిన్ని, పోయిన తర్వాత ఆయన మొదటిసారి గ్రౌండుకి వచ్చిన రోజు నాకు గుర్తుంది. విషయం తెలియని ఎవడో అలవాటు ప్రకారం 'కాకీ శున్‌ఛే నా' అన్నాడు. నాన్న చేతిలో గొడుగు పట్టుకుని వాడి మీదకి లేచాడు. బాబాయ్ నాన్న మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒగ్గీ, గురూ. ఆడన్నది నిజమే కదేటి. ఇనదు కదా."

ఆ రోజు కూడా ఆయన ఆఖరి విజిల్ దాకా అరిచాడు.

రేవులో ఆయన పని క్రేను సిగ్నలు. ఓడ అంచున నిలబడి, పైన గదిలో ఉన్న డ్రైవరుకి చేతులతో సైగ చెయ్యాలి. ఎత్తు, దించు, తిప్పు, ఆపు. ఆ చేతులు చూసే డ్రైవరు అంత బరువూ గాల్లో కదిపేవాడు. రిటైరయ్యాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. గోలు వెనక నిలబడి మొత్తం జట్టుని క్రేనులా ఆడించబోయేవాడు. కానీ గోలీకి వెనక కళ్ళుంటాయా? అందుకే గొంతు. మూఢీలో, అంటే మరమరాల్లో, ఆవకాయ కలుపుకుని కాగితం పొట్లంలో తెచ్చుకునేవాడు, పక్కవాడికి పెట్టి వాడి కళ్ళ నీళ్ళు చూసి సంతోషించేవాడు. పెనాల్టీ పడితే మాత్రం చూడలేడు. వెనక్కి తిరిగి జనం మొహాలు చూసి ఏమైందో తెలుసుకునేవాడు. ప్రార్థనలో ఏనాడూ గెలుపు అడగలేదు. "ప్రభువా, సున్నాకి సున్నా సాలు" అనేవాడు.

ఆయనకి పిల్లలు లేరు. క్లబ్బుకి ఆడినవాళ్ళు, ఆయనతో పాటు అరిచినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు విశాఖకి, కొందరు మట్టిలోకి. నేను విశాఖలో డిగ్రీ చదివి, ఇక్కడి బెంగాలీ అబ్బాయిని చేసుకుని తిరిగొచ్చేసరికి నాన్న లేడు, జట్టులో ఒక్క తెలుగు కుర్రాడు లేడు. ఝార్‌గ్రామ్ నుంచి ఇద్దరు, బారాసత్ నుంచి ముగ్గురు, ఇలా. బాబాయ్ మాత్రం గోలు వెనక అదే చోట తెలుగులోనే అరుస్తున్నాడు.

"వాళ్ళకి అర్థం కాదు కదా బాబాయ్, బెంగాలీలో చెప్పొచ్చు కదా" అన్నాను.

"బెంగాలీలో సెప్తే అవతలోడు కూడా ఇంటాడు కదే" అన్నాడు, నాకు ఆట తెలియదన్నట్టు.

ఆయన భయం ఒక్కటే. ప్రతి సంవత్సరం ఇదే అనేవాడు: "దీన్ని ఒగ్గీసి నాను సావాల గాని, నన్ను ఒగ్గీసి ఇది సావకూడదు."

పోయిన సీజనులో ఆ భయం గుమ్మం దాకా వచ్చింది. వరసగా ఓడుతున్నాం. మధ్యలో దర్జీల పేట మెటియాబ్రుజ్ నుంచి సాబిర్ అనే కొత్త గోలీ వచ్చాడు. పొడుగ్గా, సిగ్గుగా ఉండే కుర్రాడు. వాడు వచ్చాకే గోల్సు తగ్గాయి. బాబాయ్‌కి వాడంటే ప్రాణం, వాడి మీద ఫిర్యాదూ అంతే.

"ఆడికి ఏటి సెప్తే దానికి ఎదురు సేస్తాడమ్మీ. ఒగ్గురా అంటే సాలు, ముందుకు ఉరుకుతాడు. మొండి నాకొడుకు. అయినా పట్టీస్తన్నాడు, ఏటనగలం?"

ఆఖరి ఆటకి వచ్చేసరికి మాకు డ్రా చాలు. ఓడితే అట్టడుగు డివిజన్‌లో అట్టడుగు స్థానం. దాని కింద ఇంకో మెట్టు లేదు. లీగులోంచి పోతాం, లీగుతో పాటు సగం గుడారమూ పోతుంది. ముందు రోజు బాబాయ్ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపు రావాల. మీ నాయిన నిలబడ్డ కాడ ఎవలో ఒకలు నిలబడాల."

"వాన పడేలా ఉంది బాబాయ్. బాబుకి జలుబు."

"ఆణ్ణీ తే."

నా బాబుకి అప్పటికి రెండున్నరేళ్ళు దాటాయి. ఒక్క మాట రాలేదు. జలుబు చేస్తే ఊపిరి చూస్తూ కూర్చునే రకం నేను. వాణ్ణి టవల్లో చుట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, నన్ను నేను తిట్టుకుంటూ మైదానానికి వెళ్ళాను. మా వాళ్ళంటే అక్కడ నేనూ, బాబాయ్, క్లబ్బు సెక్రటరీ. ఆయన షాలిమార్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. అంతే. బాబాయ్ లారీ టార్పాలిన్ ముక్క నెత్తిన కప్పుకుని గోలు వెనక ఉన్నాడు. దగ్గుతున్నాడు. విరామంలో ఆయన గ్రౌండు చుట్టి రావడానికి ఎంత సేపు పట్టిందంటే, ఆయన చేరేసరికి ఆట మళ్ళీ మొదలైపోయింది.

సున్నాకి సున్నా. రిఫరీ వాచీ చూసుకుంటున్నాడు. అవతలివాళ్ళు ఒక పొడుగాటి బంతి వేశారు. దాని వెంట వాళ్ళ వాడొకడు. మా డిఫెండరు వాడికీ బంతికీ మధ్య వీపు పెట్టి, బంతిని గీత వైపు సాగనంపుతున్నాడు. ఇంకో రెండు గంతుల్లో బయటికి పోయేది.

"ఒగ్గోఓఓ!"

బాబు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి పొదువుకుంటూ చూశాను. అప్పటిదాకా గీత మీద నిలబడ్డ సాబిర్ బాణంలా ముందుకు వచ్చాడు. బురదలో జారి తన డిఫెండరునే గుద్దాడు. ఇద్దరూ పడ్డారు. బంతి వాళ్ళ మధ్యలోంచి మెల్లగా దొర్లి గోలు ముందు నీళ్ళలో ఆగిపోయింది. అవతలివాడు పరిగెత్తను కూడా లేదు. నడిచి వచ్చి కాలితో తోశాడు.

బాబాయ్ చెయ్యి పైకి ఉంది. క్రేను డ్రైవరుకి చూపించే 'ఆపు' సైగ. విజిల్ అయిపోయింది, జట్లు వెళ్ళిపోయాయి, ఆ చెయ్యి ఇంకా అలాగే ఉంది. నేనే వెళ్ళి దించాను.

సెక్రటరీ బురదలో కూర్చున్న సాబిర్ దగ్గరకు వెళ్ళి, "ఉన్నచోట ఉండలేవా? నిన్నెవడు రమ్మన్నాడు?" అని బెంగాలీలో కేకలేశాడు. సాబిర్ తలెత్తి గోలు వెనక్కి ఒకసారి చూశాడు. ఆ తర్వాత సెక్రటరీ మైదానంలో ప్రతి గుడారానికీ వెళ్ళి చెప్పాడు, మా క్లబ్బుని ముంచింది ఈ గోలీయేనని.

బాబాయ్ మంచం పట్టాడు. ఊపిరితిత్తులు అన్నారు డాక్టర్లు. నేను వీలైనప్పుడల్లా బాబుని చంకనేసుకుని వెళ్ళేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట.

"నాను ఒగ్గమన్నాను. ఆడు ఒగ్గలేదు. నా మాట ఇంటే బతికీసేది మన కలబ్బు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కొంచెం లేచి కూర్చునేవాడు. అన్నీ పోయాక ఆయనకి మిగిలింది అదే. తను సరిగ్గానే చెప్పానన్న నమ్మకం.

ఇక్కడి వరకూ నాకూ అంతే తెలుసు. తర్వాత ఒక రోజు బాబుకి చొక్కాలు కొందామని మెటియాబ్రుజ్ వెళ్ళాను. ఒక సందులో వరసగా కుట్టు మిషన్లు. ఒక దాని మీద నుంచి సాబిర్ లేచి నిలబడ్డాడు.

"దీదీ! కాకా ఎలా ఉన్నారు?"

బాగాలేదని చెప్పాను. టీ తెప్పించాడు. బాబు చేతికి రంగు రీలు ఇచ్చాడు. తర్వాత అడిగాడు.

"కోపం తెచ్చుకోకండి దీదీ. ఆ రోజు కాకా నన్ను ఎందుకు రమ్మన్నారు?"

"రమ్మన్నారా?"

"నేను లైను మీదే ఉండిపోదామనుకున్నాను. బంతి బయటికి పోతోందని నాకూ తెలుసు. వెనక నుంచి ఆయన 'ఎగో' అన్నారు. ఆయన అన్నప్పుడల్లా నేను వచ్చేశాను, ఎప్పుడూ తప్పు కాలేదు. అందరూ ఆటపట్టించడానికి 'ఓగో, ఓగో' అంటారు గానీ, ఆయన అనేది 'ఎగో' అని నాకొక్కడికే తెలుసు."

ఎగో. బెంగాలీలో ముందుకు రా అని.

నా చేతిలో టీ గ్లాసు కాలుతోంది, కింద పెట్టాలని కూడా తోచలేదు. సీజనంతా బాబాయ్ ఉండమని అరుస్తుంటే వాడు రమ్మంటున్నాడనుకుని వచ్చాడు. ఈయన వాణ్ణి మొండివాడనుకున్నాడు. వాడు ఈయన్ని గురువనుకున్నాడు.

"మరి ఈ మాట సెక్రటరీ గారికి ఎందుకు చెప్పలేదు?"

"కాకా ముసలాయన. అందరూ ఆయన మీద పడతారు. నన్ను తిడితే నేను ఇంకో టీమ్ చూసుకుంటాను అనుకున్నాను." బాబు జారవిడిచిన రీలు తీసిస్తూ అన్నాడు, "ఆయనకి చెప్పకండి, నేను అడిగానని."

నేను వాడికి చెప్పలేదు, ఆ మాట 'ఎగో' కాదని. చొక్కాలు కొనకుండానే బాబాయ్ దగ్గరకు వెళ్ళాను. ఈ ఒక్క మనిషికైనా చెప్పాలి అనుకుంటూ బస్సు దిగాను.

ఆయన ఆ రోజు కొంచెం తేరుకుని ఉన్నాడు. బాబుని మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"ఈడికి మాటలొచ్చినాయేటి?"

"లేదు బాబాయ్. ఇంట్లో తెలుగు, బెంగాలీ, ఇంగ్లీషు మూడూ వద్దంది డాక్టరమ్మ. ఒకటే ఉంచుకోమంది. తెలుగు మానెయ్యాలో ఏమో, తెలియడం లేదు."

ఆయన దెబ్బలాడతాడనుకున్నాను. ఆయన బాబు వేళ్ళు ఒక్కొక్కటే సాపు చేస్తూ కూర్చున్నాడు.

"బెంగాలీయే నేర్పు అమ్మీ. నాను ఇన్నేళ్ళు తెలుగులో అరిసినాను. ఎవుడిన్నాడు? ఒక్కడంటే ఒక్కడు ఇన్నాడేటి?"

విన్నాడు బాబాయ్. అది నా నాలుక చివర ఉంది. నీ గొంతు వాడిదాకా వెళ్ళింది, నువ్వన్నావనే వాడు కదిలాడు. అంతవరకూ చెప్పి ఆగిపోయే దారి ఉంటే చెప్పేదాన్ని. కానీ విన్నాడని చెబితే ఏం విన్నాడో చెప్పాలి. అది చెబితే ఆ క్లబ్బుని చంపింది ఎవరో కూడా చెప్పినట్టే. నేను నీళ్ళ గ్లాసు అందించాను.

"సాబిర్ కనపడ్డాడు బాబాయ్."

ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. "ఏటంతన్నాడు?"

"తప్పు నాదేనన్నాడు."

"అన్నాడా?" మొహంలో చాలా రోజుల తర్వాత ఏదో కదిలింది. "ఒప్పుకున్నాడన్నమాట. మంచోడే, పాపం. మాట ఇనడు గాని మంచోడు. తిట్టొద్దని సెప్పు సెక్రటరీకి."

నేను ఆ మాట సెక్రటరీకి చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. ఆ తర్వాత బాబాయ్ ఎక్కువ రోజులు లేడు.

సమాధుల తోటలో మేము చాలా కొద్దిమందిమి. బాబుని అత్తగారి దగ్గర వదిలి వెళ్ళాను. పాస్టరుగారు ప్రార్థన ముగించారు, మట్టి వేశాం. సాబిర్ గోడ వార నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూసి సెక్రటరీ మొహం తిప్పుకున్నాడు. మట్టి వేశాక జనం వెంటనే కదలరు కదా. ఒకరు మూఢీ ఆవకాయ సంగతి చెప్పారు, ఒకరు టార్పాలిన్ సంగతి. సెక్రటరీ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఎలాగరిసీవోడు! ఒగ్గోఓఓ అని!" అని ఆయనలాగే అరిచి చూపించాడు. అందరూ నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

సాబిర్ గోడ దగ్గర నుంచి నా పక్కకి వచ్చాడు.

"దీదీ, అదే కదా కాకా మాట? వీళ్ళూ సరిగ్గా అనడం లేదు. ఎగో."

సెక్రటరీ ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. బెంగాలీ మాకంటే బాగా వచ్చు. "ఎగో కాదురా, అది..." అని సాబిర్ వైపు తిరిగి, అక్కడే ఆగిపోయాడు. సాబిర్‌ని చూశాడు, నన్ను చూశాడు. ఆయన కళ్ళలో ఆ బంతి మళ్ళీ నీళ్ళలో ఆగడం నేను చూశాను.

"ఈడు... అలాగ ఇన్నాడేటమ్మా?" అన్నాడు తెలుగులో.

తలూపాను.

"ఆ మడిసికి సెప్పీసినావేటి?"

"లేదు."

ఆయన పక్క సమాధి రాతి మీద కూర్చుండిపోయాడు. గార్డు పని చేసినన్నాళ్ళూ నిటారుగా నిలబడ్డ మనిషి. "ఆ మడిసి తెలియకుండానే పోనాడు. బాగుంది. మరి నాకెందుకు తెలిసిందమ్మా ఇప్పుడు?" అన్నాడు. ఎన్ని గుడారాలకి వెళ్ళి ఏం చెప్పాడో ఆయనకి తెలుసు.

"కీ బోల్‌ఛేన్, దీదీ?" ఆయన ఏమంటున్నారని సాబిర్ నన్ను అడిగాడు.

నేను చెప్పేలోగానే సెక్రటరీ తలెత్తాడు. గొంతు సవరించుకుని వాడితో బెంగాలీలో మాట్లాడాడు. చాలా మెత్తగా, పెద్దవాళ్ళు కొత్తవాళ్ళని పలకరించినట్టు.

"ఈ సీజను ఎక్కడ ఆడుతున్నావు బాబూ?"

సాబిర్ వేళ్ళకి అంటిన మట్టిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"కొథావో నా," అన్నాడు. ఎక్కడా లేదు.